బెల్టుకు విలువ కట్టేదెవరు?

2024 ఆగస్టు 1. పారిస్ ఒలింపిక్స్‌లో మహిళల 50 కిలోల బాక్సింగ్ ప్రీక్వార్టర్స్. ఒక మూల నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్, రెండుసార్లు ప్రపంచ చాంపియన్. ఎదుటి మూల చైనాకు చెందిన వు యు, ఆమె కూడా ప్రపంచ చాంపియనే. 2023లో ఢిల్లీలో జరిగిన ఒకే టోర్నీలో వేర్వేరు బరువు విభాగాల్లో ఇద్దరూ స్వర్ణాలు అందుకున్నారు. ఇలాంటి ఇద్దరు మామూలుగా ఫైనల్లోనో, సెమీస్‌లోనో ఎదురుపడాలి. పారిస్‌లో నిఖత్‌కు రెండో బౌట్‌లోనే వు యు ఎదురైంది. ఎందుకంటే వు యు టాప్ సీడ్, నిఖత్‌కు అసలు సీడింగే లేదు. 5-0తో గెలిచిన వు యు చివరకు స్వర్ణంతోనే ఇంటికెళ్ళింది.

ఆ ఓటమిని సీడింగ్ మీదకు నెట్టాల్సిన పనిలేదు. ఆ రోజు రింగులో వు యు మెరుగ్గా ఆడింది. అయితే రెండు ప్రపంచ టైటిళ్ళున్న క్రీడాకారిణికి డ్రాలో కాస్త నీడ కూడా ఆ టైటిళ్ళు ఇవ్వలేకపోయాయి. వాటిని ఇచ్చింది అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం, ఐబీఏ. పారిస్ నాటికి ఆ సంస్థకు ఒలింపిక్ గుర్తింపు పోయింది. అక్కడి బాక్సింగ్‌ను అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ తానే ఒక ప్రత్యేక యూనిట్ పెట్టుకుని నడిపింది. నిఖత్ చెమటలో మార్పు లేదు, గెలుపులో లోటు లేదు. ఆ గెలుపు మీద ముద్ర వేసిన చేయి పరపతి పోగొట్టుకుంది, అంతే.

పల్నాటి తిరునాళ్ళలో ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ తేడా సులువుగా తెలుస్తుంది. అక్కడ పళ్ళను బట్టి విభాగాలుంటాయి. ఒక విభాగంలో అందరికీ బండ ఒకటే, గడియారం ఒకటే. ఎన్ని అడుగులు లాగాయో టేపు చెబుతుంది. బాక్సింగ్‌లో కొలత పని త్రాసు దగ్గరే అయిపోతుంది. ఎవరు ఎవరితో తలపడాలి, ఎవరు ముందు వరసలో ఉన్నారు, ఎవరు గెలిచారు అన్నవన్నీ మనుషులు చెప్పాల్సినవే. అందుకే ఈ ఆటలో బెల్టు ఎంత బరువుందన్న దానికంటే, దాన్నిచ్చే సంస్థ మాట ఎంత నమ్మదగిందన్నదే ముఖ్యం. ఆ నమ్మకాన్ని పరీక్షించే చోటు కూడా ఒకటుంది: చాంపియన్‌తో తలపడే అవకాశం ఎవరికి, ఏ లెక్కన ఇస్తున్నారన్నది.

నలుగురు చాంపియన్ల ప్రపంచం

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఒకప్పుడు ఎనిమిది బరువు విభాగాలు, ఎనిమిది మంది చాంపియన్లు అన్నది స్థూలమైన లెక్క. ఇప్పుడు విభాగాలు 17. ఒక్కో విభాగానికి నాలుగు ప్రధాన సంస్థలు నాలుగు బెల్టులిస్తాయి. అంటే పురుషుల్లోనే ఒకేసారి 68 మంది దాకా ‘ప్రపంచ చాంపియన్లు’ ఉండొచ్చు.

ఈ నాలుగూ ఎలా పుట్టాయో చూస్తే మన రాజకీయ పార్టీల చీలికలు గుర్తొస్తాయి. 1921లో అమెరికాలో పుట్టిన నేషనల్ బాక్సింగ్ అసోసియేషన్ 1962లో వరల్డ్ బాక్సింగ్ అసోసియేషన్, డబ్ల్యూబీఏగా పేరు మార్చుకుంది. మరుసటి ఏడాది మెక్సికో సిటీలో డబ్ల్యూబీసీ మొదలైంది. డబ్ల్యూబీఏ అధ్యక్ష ఎన్నికలో ఓడిన బాబ్ లీ 1983లో న్యూజెర్సీ కేంద్రంగా ఐబీఎఫ్‌ను నిలబెట్టాడు. 1988లో ప్యూర్టోరికోలో డబ్ల్యూబీవో వచ్చింది. కుర్చీలు మాత్రం అంత తరచుగా మారవు. డబ్ల్యూబీసీకి 1975 నుంచి 2014లో చనిపోయేదాకా హోసే సులేమాన్ అధ్యక్షుడు, ఆయన తర్వాత కొడుకు మౌరిసియో. డబ్ల్యూబీఏలో గిల్బెర్టో మెండోసా తర్వాత ఆయన కొడుకు.

ఈ సంస్థలకు రాబడి ఎక్కడిది? టైటిల్ పోరు జరిగినప్పుడల్లా బాక్సర్ పారితోషికంలో సాధారణంగా మూడు శాతం దాకా ఫీజు తీసుకుంటాయి. చాంపియన్ ఎంత పెద్ద పేరున్నవాడైతే ఫీజు అంత పెద్దది. టైటిల్ పోరాటాలు ఎన్ని ఎక్కువ జరిగితే రాబడి అంత ఎక్కువ. అక్కడి నుంచే బెల్టుల సాగు మొదలైంది. డబ్ల్యూబీఏ ఒకే విభాగంలో ‘సూపర్’ చాంపియన్, ‘రెగ్యులర్’ చాంపియన్, ‘గోల్డ్’ చాంపియన్, ‘ఇంటెరిమ్’ (తాత్కాలిక) చాంపియన్ అంటూ నలుగురిని నిలబెట్టింది. డబ్ల్యూబీసీ డైమండ్, సిల్వర్ బెల్టులకు తోడు 2019లో ‘ఫ్రాంచైజీ చాంపియన్’ అనే కొత్త హోదా తెచ్చింది.

దీనికి బ్రేకు పడింది 2021 ఆగస్టులో. అమెరికాలోని మినియాపొలిస్‌లో గాబ్రియేల్ మాయెస్త్రేకు, మైకల్ ఫాక్స్‌కు మధ్య డబ్ల్యూబీఏ ఇంటెరిమ్ టైటిల్ పోరు జరిగింది. ఫాక్స్ గెలిచాడని చూసినవాళ్ళందరూ అనుకుంటుండగా జడ్జీలు మాయెస్త్రే చేయి ఎత్తారు. అభిమానులు, అమెరికా రాష్ట్రాల బాక్సింగ్ కమిషన్లు విరుచుకుపడటంతో డబ్ల్యూబీఏ తన ఇంటెరిమ్ టైటిళ్ళన్నిటినీ రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. ఒక బౌట్‌లో జరిగిన అన్యాయం మీద గొడవ రేగితే తప్ప ఇంటి చెత్త ఊడ్చుకోవాలని ఆ సంస్థకు తోచలేదు.

చనిపోయినవాడికీ ర్యాంకు పెరిగింది

ర్యాంకింగ్‌ల సంగతి ఇంకా విడ్డూరం. సూపర్ మిడిల్‌వెయిట్ బాక్సర్ డారిన్ మోరిస్ 2000లో చనిపోయాడు. ఆయన పోయాక కూడా డబ్ల్యూబీవో తన జాబితాలో ఆయన స్థానాన్ని పైకి జరుపుతూ పోయింది, ఏడో స్థానం నుంచి ఐదో స్థానం దాకా. ఆ ర్యాంకింగ్ వేసినవాళ్ళు బాక్సర్ల ఆట చూస్తున్నారా, కాగితం మీద పేర్లే జరుపుతున్నారా అన్న ప్రశ్నకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అది నిర్లక్ష్యం. ఐబీఎఫ్‌లో జరిగింది నేరం. ప్రమోటర్లు, మేనేజర్ల నుంచి డబ్బు తీసుకుని ర్యాంకులు మార్చారన్న ఆరోపణలపై బాబ్ లీ మీద 1999లో అమెరికా ప్రభుత్వం అభియోగాలు మోపింది. లంచాలకు సంబంధించిన పెద్ద ఆరోపణల నుంచి బయటపడ్డా, మనీ లాండరింగ్, పన్ను ఎగవేత వంటి నేరాలు రుజువై ఆయనకు 22 నెలల జైలుశిక్ష పడింది. ఐబీఎఫ్ కొన్నేళ్ళు కోర్టు నియమించిన పర్యవేక్షకుడి కింద నడిచింది.

జర్మన్ బాక్సర్ గ్రాసియానో రోకిజానీ కథ ఇంకో రకం. 1998లో బెర్లిన్‌లో మైకల్ నన్‌ను ఓడించి, ఖాళీగా ఉన్న డబ్ల్యూబీసీ లైట్ హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. తర్వాత ఆ బెల్టు పాత యజమాని రాయ్ జోన్స్ వైపు తిరిగింది. రోకిజానీ ‘ఇంటెరిమ్’ చాంపియనేనని, ముందు చాంపియన్ అని రాయడం పొరపాటని డబ్ల్యూబీసీ చెప్పింది. ఆయన ఊరుకోలేదు. న్యూయార్క్ కోర్టుకెక్కాడు. 2002లో జ్యూరీ ఆయనకు సుమారు 3 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలని తేల్చింది. అంత డబ్బు కట్టలేక డబ్ల్యూబీసీ 2004లో దివాలా రక్షణ కోరింది, చివరికి రాజీకి వచ్చి బతికి బయటపడింది. బెల్టు ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి లాక్కోవచ్చనుకున్న సంస్థకు, బెల్టంటే ఒక మాట ఇవ్వడమేనని కోర్టు గుర్తుచేసింది.

మాండేటరీ ఎందుకు పుట్టింది

ఇన్ని మచ్చలు చూశాక ఈ సంస్థలే వద్దు, వాటి నిబంధనలే వద్దు అనిపించడం సహజం. ముఖ్యంగా అందరూ తిట్టేది మాండేటరీ చాలెంజర్ నిబంధనను. చాంపియన్ నిర్ణీత గడువులోగా ఆ సంస్థ చూపించిన ప్రత్యర్థితో తప్పనిసరిగా తలపడాలి, లేదంటే బెల్టు వదులుకోవాలి. ఐబీఎఫ్‌లో ఆ గడువు తొమ్మిది నెలలు. ఇరుపక్షాల ప్రమోటర్లకు బేరం కుదరకపోతే పర్స్ బిడ్, అంటే సీలు వేసిన కవర్లలో వేలం. ఎక్కువ మొత్తం రాసినవాడు పోటీ నిర్వహిస్తాడు, ఆ సొమ్మును చాంపియన్‌కు పెద్ద వాటా, చాలెంజర్‌కు చిన్న వాటాగా పంచుతారు.

ఈ నిబంధన లేని కాలం ఎలా ఉండేదో తిట్టేముందు తెలుసుకోవాలి. నల్లజాతి హెవీవెయిట్ జాక్ జాన్సన్ అప్పటి చాంపియన్ టామీ బర్న్స్ వెంట దేశదేశాలు తిరిగి, 1908 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఎట్టకేలకు అతన్ని రింగులోకి లాగగలిగాడు. 1920లలో హ్యారీ విల్స్‌కు ఆ అదృష్టం కూడా లేదు. జాక్ డెంప్సీతో తలపడే అర్హత ఉందని బాక్సింగ్ లోకమంతా ఒప్పుకున్నా, ఒక నల్లజాతి బాక్సర్‌కు ఆ టైటిల్ పోరు చివరిదాకా దక్కలేదు. ఆర్చీ మూర్ ఏళ్ళ తరబడి ఎదురుచూసి, 1952లో దాదాపు 40కి చేరువవుతున్న వయసులో ప్రపంచ టైటిల్ కోసం ఆడగలిగాడు, ఆడి గెలిచాడు కూడా. చాంపియన్ ఇష్టమే చట్టంగా ఉన్నప్పుడు పలుకుబడి లేనివాడు గుమ్మం బయటే నిలబడేవాడు. ఆ గుమ్మం తెరిపించడానికే మాండేటరీ నిబంధన.

నిబంధన ఉన్నా తప్పించుకున్నవాళ్ళున్నారు. 1992 డిసెంబరులో హెవీవెయిట్ చాంపియన్ రిడిక్ బో లండన్‌లో విలేకరుల ముందు డబ్ల్యూబీసీ బెల్టును చెత్తబుట్టలో పడేశాడు. మాండేటరీ చాలెంజర్ లెనాక్స్ లూయిస్‌తో తలపడటం కంటే అదే మేలనుకున్నాడు. ఆ బెల్టు లూయిస్‌కు దక్కింది. ఆ ఇద్దరూ ప్రొఫెషనల్స్‌గా ఎప్పుడూ తలపడలేదు. బెల్టును చెత్తలో వేసి బో దాని విలువ తగ్గించాననుకున్నాడేమో. ఇన్నేళ్ళ తర్వాత జనానికి గుర్తున్నది ఆయన లూయిస్‌ను తప్పించుకున్నాడన్న సంగతే.

మరి ఈ నిబంధన దారితప్పేది ఎక్కడ? చాలెంజర్ ఎవరో తేల్చే చోట. 2015 నవంబరు 28న టైసన్ ఫ్యూరీ వ్లాదిమిర్ క్లిచ్‌కోను ఓడించి హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. ఒప్పందం ప్రకారం క్లిచ్‌కోతోనే మళ్ళీ ఆడాలి కాబట్టి ఐబీఎఫ్ మాండేటరీ వ్యాచెస్లావ్ గ్లాజ్‌కోవ్‌తో ఆడలేనన్నాడు. పది రోజుల్లో బెల్టు పోయింది. 2016 జనవరిలో ఆ ఖాళీ బెల్టు కోసం గ్లాజ్‌కోవ్, చార్లెస్ మార్టిన్ తలపడ్డారు. మూడో రౌండ్‌లో గ్లాజ్‌కోవ్ మోకాలు పట్టేసి పోరు ఆగిపోవడంతో మార్టిన్ ‘ప్రపంచ చాంపియన్’ అయ్యాడు. ఏప్రిల్‌లో ఆంథోనీ జాషువా అతన్ని రెండో రౌండ్‌లోనే పడగొట్టాడు. క్లిచ్‌కో పదేళ్ళు ఏలిన పీఠం మీద మార్టిన్ మూడు నెలలు కూర్చుని వెళ్ళాడు. నియమం అక్షరాలా అమలైంది, ఆటకు మాత్రం ఏ మేలూ జరగలేదు.

2024లో మళ్ళీ అదే. సూపర్ మిడిల్‌వెయిట్‌లో నాలుగు బెల్టులూ ఉన్న కానెలో అల్వారెజ్ మాండేటరీ విలియం స్కల్‌తో ఆడనందుకు ఐబీఎఫ్ తన బెల్టు వెనక్కి తీసుకుంది. స్కల్ ఖాళీ బెల్టు గెలిచాడు. 2025 మేలో రియాద్‌లో కానెలో స్కల్‌నే ఓడించి ఆ బెల్టు తిరిగి తెచ్చుకున్నాడు. 12 రౌండ్లలో ఇద్దరూ కలిపి విసిరిన పంచ్‌లు 445. పంచ్‌లు లెక్కించే కంప్యూబాక్స్ రికార్డుల్లో 12 రౌండ్ల పోరులో అంత తక్కువ ఎప్పుడూ లేవు. డబ్బు పెట్టి చూసినవాళ్ళు ఆవలించారు.

ఇంకో వైపూ ఉంది. ఒలెక్సాండర్ ఉసిక్ 2024 మేలో ఫ్యూరీని ఓడించి నాలుగు బెల్టుల కాలంలో తొలి తిరుగులేని హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. నెల తిరగ్గానే ఐబీఎఫ్ బెల్టు వదులుకోవాల్సి వచ్చింది. మరో పోరు లేకుండానే అది ఇంటెరిమ్ చాంపియన్ డానియల్ డుబోవా నడుముకెక్కింది. అందరూ నవ్వారు. సెప్టెంబరులో వెంబ్లీలో 96 వేల మంది ముందు డుబోవా జాషువాను ఐదో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. నవ్వులు ఆగిపోయాయి. 2025 జులైలో ఉసిక్ అదే వెంబ్లీలో డుబోవాను ఓడించి లెక్క సరిచేశాడు. కాగితం మీద వచ్చిన బెల్టుకు డుబోవా రింగులో విలువ తెచ్చాడు. మార్టిన్ తేలేకపోయాడు. నిబంధన ఇద్దరికీ ఒకటే, చాలెంజర్‌లో ఉన్న సత్తాలోనే తేడా.

మన ఇంటి మాండేటరీ

ఇదంతా ఎక్కడో లాస్ వేగాస్ గొడవ అనుకుంటే పొరపాటు. తెలుగువాళ్ళకు ఈ ప్రశ్న 2019లోనే ఇంటి ముందుకొచ్చింది. అప్పటికి నిఖత్ జూనియర్ ప్రపంచ చాంపియన్‌గా పేరు తెచ్చుకున్న 23 ఏళ్ళ అమ్మాయి. ఆమె బరువు విభాగంలోనే ఆరుసార్లు ప్రపంచ చాంపియన్ మేరీ కోమ్ ఉంది. ఆ ఏడాది ప్రపంచ పోటీలకు ముందు ఇద్దరికీ జరగాల్సిన ట్రయల్‌ను రద్దు చేసి మేరీ కోమ్‌ను పంపారు. అక్కడ ఆమె కాంస్యం గెలిచింది. ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కు కూడా ట్రయల్ లేకుండానే పంపాలని బాక్సింగ్ సమాఖ్య ఆలోచిస్తోందని తెలియగానే నిఖత్ నేరుగా కేంద్ర క్రీడా మంత్రికి లేఖ రాసింది. ఆమె అడిగింది టికెట్టు కాదు, ఒక్క బౌట్.

అంతటి దిగ్గజాన్ని సవాలు చేస్తావా అని ఆమెను విమర్శించినవాళ్ళు తక్కువేం కాదు. ఒలింపిక్ స్వర్ణ విజేత అభినవ్ బింద్రా వంటివారు మాత్రం ఆమె పక్షాన మాట్లాడారు. చివరికి 2019 డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. మేరీ కోమ్ 9-1తో తేలిగ్గా గెలిచింది, తర్వాత నిఖత్‌తో చేయి కలపలేదు. ట్రయల్ ఫలితం మేరీ కోమ్ వైపే తేలినా ట్రయల్ కోసం నిఖత్ పట్టుబట్టడం తప్పు కాలేదు. గొప్ప చాంపియన్‌కు ఒక ట్రయల్ వల్ల పోయిందేమీ లేదు, ఇంకో మెట్టు పైకే ఎక్కింది. ఓడిన చాలెంజర్‌కు తన ముందున్న దూరం ఎంతో తెలిసింది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జిత్‌పాంగ్ జుతమాస్‌ను 5-0తో ఓడించి నిఖత్ ప్రపంచ చాంపియన్ అయ్యింది. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం, మరుసటి ఏడాది ఢిల్లీలో రెండో ప్రపంచ స్వర్ణం.

సమాఖ్య తర్వాత ట్రయల్స్ స్థానంలో శిబిరంలో మార్కులు వేసే మూల్యాంకన పద్ధతి తెచ్చింది. 2023 ప్రపంచ పోటీలకు ఎంపిక కాని ముగ్గురు జాతీయ చాంపియన్లు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కారు. కోర్టు జోక్యం చేసుకోలేదు. ఎంపికైనవారిలో నీతూ ఘంఘాస్ స్వర్ణం గెలిచింది కూడా. అయినా జాతీయ టైటిల్ గెలిచిన అమ్మాయికి తనకంటే ఇంకొకరు ఎందుకు ముందున్నారో కాగితం మీద స్పష్టంగా కనిపించాలి. మంచి ఫలితం వచ్చిందని అస్పష్టమైన పద్ధతి మంచిదైపోదు.

ఆ ఢిల్లీ పోటీలకే ఇంకో లోపం ఉంది. రష్యా, బెలారస్ బాక్సర్లను సొంత జెండాలతో ఆడనిచ్చినందుకు నిరసనగా అమెరికా, బ్రిటన్ సహా పలు దేశాలు వాటిని బహిష్కరించాయి. ఐబీఏ మాత్రం డబ్బు ధారపోసింది. స్వర్ణానికి లక్ష డాలర్లు. అదే ఏడాది తాష్కెంట్ పురుషుల పోటీల్లో కాంస్యానికి 50 వేల డాలర్లు. నిజామాబాద్‌కే చెందిన మహమ్మద్ హుసాముద్దీన్ అక్కడ మోకాలి గాయంతో సెమీస్ ఆడలేక కాంస్యంతో తిరిగొచ్చాడు. రియో ఒలింపిక్స్ బౌట్లలో ఫలితాలు తారుమారు చేశారని స్వతంత్ర దర్యాప్తు తేల్చిన సంస్థ ఇది. ఆర్థిక వ్యవహారాలు, పాలన, రిఫరీల తీరు సరిదిద్దుకోలేదంటూ 2023 జూన్‌లో ఒలింపిక్ కమిటీ దీని గుర్తింపు రద్దు చేసింది. ప్రైజ్ మనీ పెంచినంత మాత్రాన పోయిన నమ్మకం తిరిగి రాలేదు.

2023లోనే పుట్టిన ‘వరల్డ్ బాక్సింగ్’ ఆ ఖాళీని నింపింది. మరుసటి ఏడాది భారత్ అందులో చేరింది. 2025లో దానికి తాత్కాలిక గుర్తింపు దక్కడంతో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బాక్సింగ్ నిలిచింది. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్‌లో జరిగిన దాని ప్రపంచ పోటీల్లో జైస్మిన్ లంబోరియా, మీనాక్షి హుడా స్వర్ణాలు తెచ్చారు. నిఖత్ క్వార్టర్స్‌లో ఓడినా నవంబరులో గ్రేటర్ నోయిడాలో వరల్డ్ బాక్సింగ్ కప్ ఫైనల్స్ స్వర్ణం గెలిచింది. సంస్థ మారాక ఆమె ర్యాంకు కోసం మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కుతోంది. అధికారుల తప్పులకు ఆటగాళ్ళు కట్టే వడ్డీ ఇది.

ప్రొఫెషనల్ బెల్టుల విషయంలో మన పత్రికలు, టీవీలు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. విజేందర్ సింగ్ 2016లో ఢిల్లీలో డబ్ల్యూబీవో ఆసియా పసిఫిక్ టైటిల్, 2017లో ముంబయిలో ఓరియెంటల్ టైటిల్ గెలిచాడు. రెండూ ప్రాంతీయ బెల్టులు. వాటివల్ల ప్రపంచ ర్యాంకింగ్‌లోకి అడుగుపెట్టే దారి దొరుకుతుంది, అంతవరకే. విజేందర్ ప్రపంచ టైటిల్ కోసం ఎప్పుడూ ఆడలేదు. 2024 నవంబరులో కేమన్ దీవుల్లో మన్‌దీప్ జాంగ్రా వరల్డ్ బాక్సింగ్ ఫెడరేషన్ టైటిల్ గెలిస్తే ‘ప్రపంచ చాంపియన్’ అని పతాక శీర్షికలు వచ్చాయి. ఆ ఫెడరేషన్ ప్రధానమైన నాలుగింటిలో లేదు. జాంగ్రా కష్టాన్ని తక్కువ చేయనక్కర్లేదు, పాఠకుడికి ఆ ఒక్క వాక్యం చెబితే చాలు.

ఒకే దుకాణం మందేనా?

నలుగురు చాంపియన్ల గందరగోళానికి మందుగా ఇప్పుడు ఇంకో వాదన బలపడుతోంది. ఒకే కంపెనీ బాక్సర్లతో ఒప్పందాలు చేసుకుని, తానే ర్యాంకులిచ్చి, తానే బెల్టులిస్తే గోల ఉండదన్నది ఆ వాదన. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలు నడిపే యూఎఫ్‌సీ నమూనా అదే. అమెరికాలో 2000లో వచ్చిన మహమ్మద్ అలీ చట్టం ర్యాంకింగ్ ప్రమాణాలు బయటపెట్టాలని బెల్టు సంస్థలను ఆదేశించింది, ప్రమోటరూ మేనేజరూ ఒకే జేబులో ఉండకుండా గీత గీసింది. దాని పక్కనే ఒకే గొడుగు కింద అన్నీ నడిపే సంస్థలకు చోటివ్వాలంటూ 2025లో అక్కడి కాంగ్రెస్‌లో బిల్లు పెట్టారు.

చూడ్డానికి శుభ్రంగా ఉండే ఈ ఏర్పాటులో చాలెంజర్ స్థానమేంటో అడగాలి. ప్రమోటరే ర్యాంకు ఇచ్చేవాడైతే, ఆయన ఒప్పందం మీద సంతకం పెట్టనివాడికి ర్యాంకు ఎక్కడిది? యూఎఫ్‌సీ తమ పారితోషికాలను అణచి ఉంచిందంటూ ఫైటర్లు వేసిన కేసు 37.5 కోట్ల డాలర్ల పరిష్కారంతో ముగిసింది, దానికి 2025లో కోర్టు ఆమోదం లభించింది. నాలుగు లోపభూయిష్టమైన తలుపుల స్థానంలో ఒకే తాళమున్న తలుపు పెట్టడం సంస్కరణ అనిపించుకోదు.

పెద్ద పేరున్నవాళ్ళకు ఈ గొడవ పట్టదు. 2025 సెప్టెంబరులో లాస్ వేగాస్‌లో 70 వేలకు పైగా జనం ముందు కానెలోను ఓడించి టెరెన్స్ క్రాఫోర్డ్ నాలుగు బెల్టులూ అందుకున్నాడు. ఫీజు కట్టలేదంటూ డిసెంబరులో డబ్ల్యూబీసీ తన బెల్టు వెనక్కి తీసుకుంది. క్రాఫోర్డ్ చలించలేదు, కొద్దిరోజుల్లో ఓటమి ఎరగని రికార్డుతో రిటైరయ్యాడు. ఆయన కీర్తిలో వీసమెత్తు తరుగు లేదు. బెల్టు అవసరమున్నది క్రాఫోర్డ్‌లకు కాదు, ఇంకా పేరు రాని కుర్రాడికి. అతని చేతిలో ఉన్న ఒకే ఒక్క నిచ్చెన అది. అందుకే మాండేటరీ నిబంధనను తీసేయడం తప్పు, ఫీజు వసూలు చేసే చేతి నుంచి ర్యాంకు రాసే కలాన్ని విడదీయడం ఒప్పు. 2012 నుంచి కొందరు బాక్సింగ్ రచయితలు పైసా తీసుకోకుండా ట్రాన్స్‌నేషనల్ ర్యాంకింగ్స్ బోర్డు పేరుతో ర్యాంకులు వేస్తున్నారు. నాలుగు సంస్థలూ తమ చాలెంజర్లను అలాంటి స్వతంత్ర జాబితా నుంచే తీసుకోవాలని కమిషన్లు పట్టుబడితే సగం రోగం నయమవుతుంది.

పల్నాడుకు దీనితో ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. నరసరావుపేట, మాచర్ల, గురజాలల్లో పిల్లల్ని బాక్సింగ్, కిక్‌బాక్సింగ్, కరాటే శిక్షణకు పంపే తల్లిదండ్రులకు ఈ పనే ఎక్కువ. ఈ ఆటల్లో సంఘానికి పోటీ సంఘం, టోర్నీకి పోటీ టోర్నీ, ప్రతి పతకం పక్కనా ‘జాతీయ’, ‘అంతర్జాతీయ’ అన్న మాట. ఆంధ్రప్రదేశ్ కొత్త క్రీడా విధానం ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. కోటా పెరిగేకొద్దీ సర్టిఫికెట్ విలువ పెరుగుతుంది, దానితోపాటే చెల్లని సర్టిఫికెట్లు అమ్మేవాళ్ళ ఆశా పెరుగుతుంది. పోటీ అయిపోయి, పతకం మెడలో పడ్డాక, ఉద్యోగ దరఖాస్తు దగ్గర ఆ సంఘానికి గుర్తింపు లేదని తెలిస్తే నష్టపోయేది పిల్లలే.

2025లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం సమాఖ్యల గుర్తింపుకు జాతీయ క్రీడా బోర్డును, వివాదాలకు ట్రిబ్యునల్‌ను ఏర్పాటు చేయాలంటోంది. అది ఢిల్లీ స్థాయిలో జరిగే పని. రాష్ట్రం తన వంతుగా చేయగలిగింది అంతకంటే సులువు. ఏ ఆటలో ఏ సంఘం, ఏ టోర్నీ పతకం ఉద్యోగానికీ, నగదు పురస్కారానికీ చెల్లుతుందో క్రీడా ప్రాధికార సంస్థ ఏటా తెలుగులో జాబితా వేసి ప్రతి జిల్లా క్రీడా కార్యాలయం గోడకు అంటించాలి. జిల్లా, రాష్ట్ర జట్ల ఎంపికకు ఏ నియమాలు వర్తిస్తాయో ట్రయల్స్‌కు ముందే రాసిపెట్టాలి, ఎవరికైనా మినహాయింపు ఇస్తే కారణం చెప్పాలి. తల్లిదండ్రులు టోర్నీ ఫీజు కట్టే ముందు నిర్వాహకుల్ని ఒకే ప్రశ్న అడగాలి: ఈ సర్టిఫికెట్ ఆ జాబితాలో ఉందా? సమాధానం కాగితం మీద రాసివ్వనివాళ్ళకు రూపాయి కూడా కట్టొద్దు.